నాకు తెలిసిన రహస్యం నా పాత్రకు తెలియనట్టు ఆడటం ఎలా?

ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా మారి కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఆడేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే చిక్కే ఇది. దీనికి పాత ఉదాహరణ ట్రోల్ అనే రాక్షసజీవి. ఐదో ఎడిషన్ మొదటి రూపంలో దానికి ప్రతి టర్న్ మొదట్లో 10 హిట్ పాయింట్లు (ప్రాణబలం లెక్క) తిరిగి వస్తాయి. నిప్పో యాసిడో తగిలితే దాని తర్వాతి టర్న్‌కు మాత్రం రావు. ఈ సంగతి మీకు తెలుసు, మీ పాత్రకు తెలియదు.

చూడగానే మీరు కాగడా తీస్తే కొత్తగా ఆడేవాళ్లకు కనుక్కునే ఆనందం పోతుంది. అలాగని తెలియనట్టు నటిస్తూ చివరిదాకా కత్తితోనే పొడవడం కూడా నాకు నచ్చదు. అప్పుడూ మీ నిర్ణయాన్ని నడిపేది ఆ రహస్యమే కదా, కాకపోతే తలకిందులుగా.

'ఈ సంగతి నాకే తెలియకపోతే నా పాత్ర ఇప్పుడు ఏం చేసేది?' అని ఆలోచించండి. ఎప్పుడూ మంటలు విసిరే మాంత్రికుడైతే ఇప్పుడూ విసరనివ్వండి. గాయం పూడుకుపోవడం కళ్లారా చూశాక ఏ యోధుడైనా వేరే దారి వెతుకుతాడు. ట్రోల్స్ తిరిగే అడవి పక్కనే పెరిగినవాడు పెద్దల నోట విని ఉండొచ్చు. సందేహమైతే ఆటను నడిపే డంజన్ మాస్టర్‌ని అడగండి, ఇంటెలిజెన్స్ చెక్‌తో, అంటే పాత్ర తెలివిని బట్టి పాచిక వేయించి తేల్చేస్తారు.

తోటి ఆటగాడి పాత్ర దాచిన ద్రోహం విషయంలో మాత్రం ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అది అతను ఓపిగ్గా అల్లుకుంటున్న కథ. అనుమానించడానికి కథలోనే కారణం దొరికేదాకా మీ పాత్ర అతన్ని నమ్మాల్సిందే.