స్టూడియో సరే, కిల్న్ మాత్రం ఆఖరున

ప్రశ్న: మా అమ్మాయి బీకాం చివరి ఏడాది. శని, ఆదివారాలు జూబ్లీహిల్స్‌లో పాటరీ క్లాసుకు వెళ్తోంది. చదువు అవ్వగానే ఉప్పల్‌లో మా ఇంటి పైగదిలో సొంత స్టూడియో పెట్టి, కప్పులు, గిన్నెలు చేసి ఆన్‌లైన్‌లో అమ్ముకుంటానంటోంది. కుండలు తిప్పే వీల్‌కి, వాటిని కాల్చే కిల్న్‌కి, గది బాగుచేయడానికి కలిపి నాలుగు లక్షలు అడుగుతోంది. అది తన ఎంబీఏకి దాచిన డబ్బు. "డిగ్రీ చదివి కుండలు చేసుకుని బతుకుతావా" అని ఇంట్లో రోజూ గొడవే. ఏం చేయమంటారు? - ఒక తండ్రి

జవాబు: ముందు ఆ మాట మానేయండి సార్. బోనానికి కుండ, పెళ్లికి ఐరేని కుండలు, ఎండాకాలం రంజన్ కావాల్సి వస్తే కుమ్మరి ఇంటికి వెళ్తాం. మన పిల్ల మట్టిలో చెయ్యి పెడితే మాత్రం పరువు పోతుందంటాం. ఈ పనిలో బతుకు ఉంది. కాకపోతే మీ అమ్మాయి అనుకుంటున్న వరుసలో లేదు.

వారాంతపు క్లాసులో చేతికొచ్చేది పనిలో చిన్న ముక్క. మట్టి సిద్ధంగా ఉంటుంది, గ్లేజ్ (పైన వేసే గాజులాంటి పూత) కలిపి ఉంటుంది, కాల్చే బాధ్యత స్టూడియో వాళ్లది. సొంతంగా పెట్టుకుంటే అవన్నీ తన నెత్తినే. ఒక్క కాఫీ కప్పు సంగతే చూడండి. మట్టిని గాలి బుడగ లేకుండా పిసకాలి, వీల్ మీద మధ్యకు తేవాలి, లేపాలి. కాస్త గట్టిపడ్డాక తిరగేసి అడుగు చెక్కాలి. పిడి అతికించే చోట రెండు వైపులా గీతలు పెట్టి, జారుడు మట్టి రాసి నొక్కాలి. ఆ తర్వాత కవరు కప్పి నెమ్మదిగా ఆరనివ్వాలి. మే నెలలో మన ఊరి ఎండకు సన్నటి పిడి ముందే ఎండిపోయి అతుకు దగ్గర చీలుతుంది. జులై ముసురులో అదే కప్పు రోజులు గడిచినా ఆరదు. ఆరిందిలే అని తొందరపడి కిల్న్‌లో పెడితే లోపలి తడి ఆవిరై కప్పు పేలుతుంది, ఆ పెంకులు పక్కనున్న వాటి మీద పడతాయి. కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు అన్నది ఊరికే పుట్టిన సామెత కాదు.

మొదటి కాల్పు 1000 డిగ్రీల దగ్గర. తర్వాత గ్లేజ్‌లో ముంచి, అడుగున అంటింది తుడిచి (తుడవకపోతే షెల్ఫ్‌కి అతుక్కుపోతుంది), స్టోన్‌వేర్ (రాయిలా గట్టిపడే రకం) అయితే 1200 దాటించి మళ్లీ కాల్చాలి. కిల్న్ చల్లారి తలుపు తీసేసరికి మర్నాడవుతుంది. ఇంతా అయ్యాక మట్టి పది, పన్నెండు శాతం కుదించుకుపోతుంది. పది సెంటీమీటర్ల ఎత్తున చేసిన కప్పు తొమ్మిదికి దిగుతుంది.

ఇప్పుడు డబ్బు లెక్క. అంకెలు ఉదాహరణకు నేను అనుకున్నవే. నెలకు 120 కప్పులు చేసింది, పగుళ్లూ మచ్చలూ పోను 100 అమ్మకానికి మిగిలాయి, ఒక్కోటి 600. మొత్తం 60,000. షాపులో పెడితే మూడో వంతు వాళ్లకు పోతుంది, మిగిలేది 40,000. మట్టి, గ్లేజ్, కరెంటు, ప్యాకింగ్, దారిలో పగిలినవి ఒక 15,000 అనుకుంటే చేతికొచ్చేది 25,000. షాపు వద్దు, ఆన్‌లైన్‌లోనే అమ్ముతానంటే ఆ మూడో వంతు మిగులుతుంది, కానీ ఫొటోలు, మెసేజ్‌లు, కొరియర్‌కి తన రోజులు పోతాయి. ఉన్నవి రెండు చేతులే కాబట్టి కప్పులు రెట్టింపు చేయడం కుదరదు. ధర తగ్గిద్దామంటే ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా ఫ్యాక్టరీ సరుకుతో పోటీ పడడం తన వల్ల కాదు.

అందుకే ఇలాంటి ఒంటరి స్టూడియోలు చాలావరకు క్లాసుల మీద నడుస్తాయి. మీ అమ్మాయిని "మట్టి ఇష్టమా" అని అడిగి లాభం లేదు, ఇష్టమే అంటుంది. ఆదివారం పొద్దున ఎనిమిది మంది కొత్తవాళ్లు వచ్చి, మట్టి చిందించి, ఫొటోలు దిగి వెళ్లాక గదంతా తుడుచుకోవడం ఇష్టమా అని అడగండి. నా లెక్కలో అసలు ప్రశ్న అదే. తుడవడం అంటే తడిగుడ్డతో. పొడి చీపురుతో ఊడిస్తే మట్టి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరుతుంది, ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. ఇంటి పైగది అంటున్నారు కనుక ఇది మీ అందరికీ సంబంధించినదే.

నేర్చుకోవడం గురించి: మాసబ్‌ట్యాంక్‌లోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో ఉన్నది శిల్పకళ డిగ్రీ, తనకు కావాల్సింది అది కాదు. అహ్మదాబాద్ ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో సిరామిక్, గ్లాస్ డిజైన్ ఉంది. మూడేళ్ల బీకాంతో అక్కడి పీజీ కోర్సు ఎండెస్‌కి (మాస్టర్ ఆఫ్ డిజైన్) అర్హత కుదురుతుందేమో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. డిగ్రీ కన్నా ఒక పనిమంతుడి దగ్గర నెలల తరబడి కూర్చోవడం మేలని నా అభిప్రాయం. పుదుచ్చేరిలో 1971లో మొదలైన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ నుంచి వచ్చినవాళ్లు దేశంలో చాలామంది ఇవాళ సొంత స్టూడియోలు నడుపుతున్నారు. కర్ణాటకలో బెళగావి జిల్లా ఖానాపూర్‌లో ఖాదీ కమిషన్ వాళ్ల కుండల శిక్షణ సంస్థ ఉంది. సారె తిప్పడం పుట్టినప్పటి నుంచీ చూసిన కుమ్మరి కుటుంబాలు మన నగరం అంచుల్లోనూ ఉన్నాయి. డబ్బిచ్చి నేర్చుకుంటే వేగం ఎలా వస్తుందో వాళ్ల దగ్గర తెలుస్తుంది.

లోన్ సంగతి కూడా చెప్తాను. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కుమ్మరి పని ఒకటి. తాకట్టు లేకుండా మొదట లక్ష, తర్వాత రెండు లక్షలు, ఐదు శాతం వడ్డీకి. కానీ అది ఇప్పటికే చేతిపనిగా చేసుకుంటున్న వారికి, మొదలుపెడదామనుకునే వారికి కాదు.

నా సలహా: ఎంబీఏ డబ్బు కదపకండి. వీల్, మట్టి వరకు కొనివ్వండి, ఒక ఏడాది ఇవ్వండి. కాల్చడానికి వేరే స్టూడియో కిల్న్‌లో కిరాయికి చోటు తీసుకోవచ్చు. ఆ ఏడాదిలో చూడాల్సింది ఒకటే. సమానంగా తూచిన మట్టితో ఇరవై కప్పులు చేస్తే ఎత్తు, మూతి ఒకేలా ఉన్నాయా? కేఫ్ వాళ్లు అరవై ప్లేట్లు ఆర్డర్ ఇస్తే పేర్చినప్పుడు వంకర పోకూడదు కదా. అది కుదిరి, కిరాయి కిల్న్‌లో నెలనెలా చోటు చాలకపోతే అప్పుడు సొంతది కొనండి. దానికి ముందు విద్యుత్ ఆఫీసుకు వెళ్లి త్రీ ఫేజ్, లోడ్, వ్యాపార కేటగిరీ మాట్లాడుకోండి. గ్లేజ్‌లో సీసం లేదని రాసి ఇచ్చేవాళ్ల దగ్గరే కొనమనండి, తినే గిన్నెలు కదా.

ఈ ఆదివారం క్లాసుకు మీరూ తనతో వెళ్లండి. వెనకాల కుర్చీ వేసుకుని పూటంతా కూర్చోండి. ఆ స్టూడియో నడిపేవారు వీల్ దగ్గర ఎంతసేపు ఉన్నారు, ఫోన్‌లో ఎంతసేపు, ప్యాకింగ్‌లో ఎంతసేపు అని మీ అమ్మాయికీ చూపించండి. వచ్చేటప్పుడు కిల్న్‌లో షెల్ఫ్‌కి కిరాయి ఎంతో కనుక్కుని రండి.