ఐర్లండ్ నుంచి ఇంగ్లండ్ గనులకు వెళ్లిన కుటుంబం సొంతూరు కనుక్కోవడం ఎలా?

ప్రశ్న: మా ఆయనది ఇంగ్లండ్. వాళ్ల పూర్వీకులు ఐర్లండ్ నుంచి వచ్చి గనుల్లో పనిచేశారని మాత్రమే తెలుసు. ఐర్లండ్‌లో వాళ్లది ఏ ఊరో ఎలా తెలుస్తుంది? 1922లో రికార్డులన్నీ కాలిపోయాయంటున్నారు, నిజమేనా?

జవాబు:

అమ్మా, నేను కొత్తగూడెం వైపు బొగ్గుబాయిలో 31 ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ని. మా అమ్మాయి ఇంగ్లండ్‌లో వైట్‌హేవెన్ దగ్గర నర్సు. అల్లుడిది ఆ పక్కనే క్లీటర్ మూర్ అనే ఊరు. వాళ్ల దగ్గర ఆరు నెలలున్నప్పుడు అల్లుడి వంశం వెతికే పని నా నెత్తిన వేసుకున్నాను. ఆ అనుభవంతో గట్టిగా చెబుతున్నాను: వెతుకులాట ఐర్లండ్‌లో మొదలుపెట్టకండి, గని ఊళ్లోనే మొదలుపెట్టండి. మగవాళ్ల ఇంటిపేరు వదిలేసి ఆడవాళ్ల పుట్టింటి పేరు పట్టుకోండి.

ముందు ఆ కాలిపోయిన సంగతి. అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, 1922 జూన్‌లో, డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ రికార్డాఫీసు తగలబడింది. 1821 నుంచి 1851 దాకా తీసిన జనాభా లెక్కలు చాలామటుకు అందులో పోయాయి. 1861 నుంచి 1891 దాకా తీసినవి అంతకుముందే ప్రభుత్వం చేతుల్లోనే నాశనమయ్యాయి. పూర్తిగా మిగిలినవాటిలో పాతవి 1901, 1911 లెక్కలే. కానీ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు రాసిన కాథలిక్ రిజిస్టర్లు చర్చిల్లోనే ఉండటం వల్ల బతికాయి. ఐర్లండ్ జాతీయ గ్రంథాలయం 2015లో వాటిని ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. 1847–1864 మధ్య ఏ భూమి ఎవరి సాగులో ఉందో రాసిన గ్రిఫిత్ వాల్యుయేషన్ కూడా ఉంది. అన్నీ పోయాయని ఒక్క మాట అనేసి చేతులు దులుపుకునేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది.

అసలు చిక్కు వేరే. అప్పట్లో, 1801 నుంచి, ఐర్లండ్, ఇంగ్లండ్ రెండూ ఒకే రాజ్యం. బెల్‌ఫాస్ట్‌లో ఓడెక్కి వైట్‌హేవెన్‌లో దిగినవాడి పేరు ఎవరూ రాసుకోలేదు. ఇంగ్లండ్ జనాభా లెక్కల్లో పుట్టిన ఊరు అన్న గడిలో చాలాసార్లు ‘ఐర్లండ్’ అని మాత్రమే ఉంటుంది. ఐర్లండ్‌లో టౌన్‌ల్యాండ్ అనే చిన్న చిన్న పల్లెవాటాలు 60,000కు పైగా ఉన్నాయి. ఏదని వెతుకుతాం?

మా అల్లుడి నాయనమ్మకు 84 ఏళ్లు. మొదటిరోజే నన్ను కూర్చోబెట్టి, వాళ్ల నాన్న గనిలోంచి ఒళ్లంతా ఎర్రగా వచ్చేవాడని చెప్పింది. మా బాయిలోంచి మేం నల్లగా వచ్చేవాళ్లం, వాళ్లు ఎర్రగా. ఆ ఊళ్లో బొగ్గు కంటే హెమటైట్ ముఖ్యం. భాస్వరం తక్కువ ఉన్న ఇనుప రాయి అది, బెస్సెమర్ పద్ధతిలో ఉక్కు చేయడానికి అలాంటిదే కావాలి. ఆ గిరాకీతోనే 1850ల తర్వాత ఐర్లండ్ ఉత్తర భాగమైన అల్‌స్టర్ జనం అక్కడికి తరలివచ్చారు. ఊరికి ‘లిటిల్ ఐర్లండ్’ అనే పేరే పడింది. అందరూ 1840ల బంగాళాదుంపల కరువుకే పారిపోయి వచ్చారని రాసేవాళ్లు ఈ గనుల సంగతి ఎందుకు మర్చిపోతారో నాకర్థం కాదు. కూలి డబ్బులు ఎక్కడుంటే మనిషి అక్కడికి పోతాడు. మా తాత కూడా అలాగే బాయికి వచ్చాడు.

నాయనమ్మ వాళ్ల ముత్తాత దగ్గర మా బండి ఆగిపోయింది. 1861, 1871, 1881 లెక్కల్లో ఆయన ఇంటిపేరు మూడు రకాలుగా ఉంది. పదేళ్లలో ఆయన వయసు ఏడేళ్లే పెరిగింది. అల్లుడు వీళ్లు ముగ్గురూ వేరే మనుషులన్నాడు. నేను ఒప్పుకోలేదు. మా కోల్‌బెల్ట్‌లో మారుపేరుతో పనిలో చేరి, ఆ పేరుతోనే రిటైరైనవాళ్లు ఎంతమందో! మా తాతకు ఇంట్లో ఒక పేరు, మస్టర్‌లో ఇంకో పేరు. చదువు రాని మనిషి తన పేరు నోటితో చెబుతాడు, గుమస్తా తన చెవికి వినిపించినట్టు రాస్తాడు.

అందుకని కాథలిక్ బాప్తిస్మాల రిజిస్టర్ నకళ్లు తీయించాం. అది లాటిన్. జేమ్స్‌ను జాకోబుస్ అని, విలియమ్‌ను గులియెల్ముస్ అని రాస్తారు. మొదటి రాత్రి చదవలేక తల తిరిగిపోయింది. కానీ ఆ రిజిస్టర్లో ఒక గొప్ప గుణం ఉంది: తల్లి పుట్టింటి ఇంటిపేరు రాస్తారు, పిల్లను ఎత్తుకున్న జ్ఞానతల్లి పేరూ రాస్తారు. ముగ్గురు పిల్లలకు ఒకే జ్ఞానతల్లి కనిపించింది. ఆమె ఇంటిపేరు, పిల్లల తల్లి పుట్టింటి ఇంటిపేరు ఒకటే. రాత్రి పదకొండు దాటింది. మా అమ్మాయి డ్యూటీ నుంచి వచ్చేసరికి నేనూ అల్లుడూ 1871 లెక్కల్లో ఆ వీధి మొత్తం ఇల్లిల్లూ చదువుతున్నాం. రెండిళ్ల అవతల ఆమె దొరికింది. పుట్టిన ఊరి గడిలో అందరికీ ‘ఐర్లండ్’ అని రాసిన ఆ గుమస్తా, ఎందుకో ఆమె ఒక్కదానికి డౌన్ కౌంటీ అని రాసి పక్కన పారిష్ (ఒక చర్చి కింద ఉండే ఊళ్ల ప్రాంతం) పేరు కూడా రాశాడు. ఆ పారిష్ రిజిస్టర్లో ముత్తాత పెళ్లి రెండు రోజుల్లో దొరికింది. పెళ్లికి సాక్షి కూడా ఆమే. అక్కా చెల్లెళ్లు.

ఒంటరిగా ఎవరూ గనికి రారు. మా దగ్గరా అంతే, ఒక ఊరి నుంచి ఒకడు వస్తే వెనకే బావమరిది, వాడి వెనకే పక్కింటివాడు వస్తారు. మీ మనిషి ఊరు దొరక్కపోతే పక్కింటివాళ్ల ఊరు వెతకండి.

డబ్బు కట్టించుకునే సైట్లలో కనిపించే వంశవృక్షాలను మాత్రం నమ్మకండి. ఒకరు తప్పు పెడితే నలభై మంది కాపీ కొడతారు. ఆ ముత్తాతను అలాంటి ఒక వృక్షంలో కెర్రీ కౌంటీవాడిగా చూపించారు. దానికి ఒక్క ఆధారం లేదు. ఆ డబ్బుతో పిల్లల ఇంగ్లండ్ జనన ధ్రువపత్రాలు తెప్పించుకోండి, వాటిలోనూ తల్లి పుట్టింటి పేరు ఉంటుంది.

ఊరి పేరు చెప్పినప్పుడు నాయనమ్మ ముత్తాత గురించి ఏమీ అడగలేదు. “మరి ఆ చెల్లెలు ఏమైంది?” అని అడిగింది. పక్క ఊరు క్లీటర్‌లో సెయింట్ మేరీస్ చర్చి పక్కన, పని పోయిన గని కార్మికులు 1920లలో కట్టిన మేరీమాత గుహ ఉంది. నాయనమ్మను అక్కడికి తీసుకెళ్లి, చుట్టూ ఉన్న సమాధులన్నీ చదివాం. ఆ చెల్లెలి పేరు లేదు. 1881 లెక్కల్లో ఆ వీధిలోనూ లేదు. ఇక్కడికి తిరిగి వచ్చాక కూడా రోజూ పొద్దున కాసేపు ఆమె కోసమే వెతుకుతున్నాను. ఇప్పుడు డర్హమ్ బొగ్గు ఊళ్ల లెక్కలు చూస్తున్నాను.