మంచంపట్టినవారిని తిప్పుతున్నా ఎరుపు తగ్గట్లేదా? ఇలా చూడండి

బెంగళూరు మారతహళ్లిలో మంచంపట్టి ఇంట్లోనే ఉన్న నాన్నగారిని రెండు గంటలకోసారి తిప్పుతున్నా నడుము కింద ఎరుపు పోవట్లేదని రాశారు కదండీ. ముందు అక్కడ వేలితో నొక్కి వదలండి. నొక్కినా తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే అది బెడ్‌సోర్ (ఒకేచోట ఒత్తిడి పడి వచ్చే పుండు) మొదటి దశ. అస్సలు రుద్దకండి, మసాజ్ చేస్తే లోపలి కండ దెబ్బతినొచ్చు.

ఆసుపత్రి వార్డుల్లో నేను ఎక్కువగా చూసిన పొరపాటు, పూర్తిగా పక్కకు తిప్పేసి తుంటి ఎముక మీద బరువంతా వేయడం. వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలే వాల్చండి. మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద ఇంకో దిండు.

తిప్పిన టైము, ఏ పక్కకు తిప్పారో, ఎరుపు ఎంతుందో కాగితం మీద రాయండి. మర్నాడు పోల్చి చూస్తేనే మనం చేసేది పనిచేస్తోందో లేదో తెలిసేది. టెన్షన్ పడకండి, కానీ చర్మం చిట్లినా, వాసన వచ్చినా ఆ రోజే డాక్టరుకి చూపించండి.