మామోగ్రామ్ అంటే భయం కన్నా సిగ్గే ఎక్కువగా ఉంది, ఏం చేయాలి?

ఎడమ రొమ్ములో గడ్డ తగిలిందనీ, డాక్టర్ మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే), అల్ట్రాసౌండ్ రాసిచ్చినా ఆ చీటీ ఇంకా బీరువాలోనే ఉందనీ రాశారు. లోపల మగవాళ్లుంటే ఎలా, అత్తగారికి ఏమని చెప్పాలి, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు అన్నారు. నలభై దాటిన కొత్తలో నాకూ ఇదే పరిస్థితి వచ్చింది. మాది హైదరాబాద్‌లో మల్కాజ్‌గిరి.

"ఆరోగ్యం విషయంలో సిగ్గేంటి" అని అందరూ అంటారు. ఆ మాట నాకు కాస్త కూడా పనికి రాలేదు. సిగ్గు పోదు, పోనక్కర్లేదు కూడా. సిగ్గు పడుతూనే వెళ్లి, మనకు ఎలా కావాలో నోరు తెరిచి అడగొచ్చు. అడిగితే చాలా చోట్ల కాదనరు.

అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేసినప్పుడే అడిగేయండి. మామోగ్రామ్ తీసే టెక్నీషియన్ ఎక్కువగా ఆడవాళ్లే ఉంటారు. అల్ట్రాసౌండ్ మాత్రం రేడియాలజిస్టు చేస్తారు కాబట్టి మగ డాక్టరు ఉండొచ్చు. "లేడీ డాక్టర్ ఏ రోజుల్లో ఉంటారు?" అని అడిగితే చెప్తారు. మగ డాక్టరే పరీక్ష చేయాల్సి వస్తే పక్కన ఇంకో ఆడమనిషి ఉండాలని కోరడం పేషెంటుగా మన హక్కు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన పేషెంట్ల హక్కుల పత్రంలోనే ఆ మాట ఉంది. నాకు స్కాన్ చేసింది మగ డాక్టరే. మా వదిన లోపలే కూర్చుంది, ఆయన ఏమీ అనలేదు.

నిజానికి గదిలోకంటే బయట హాల్లోనే నాకు ప్రాణం పోయినంత పనైంది. మొదట వెళ్లిన డయాగ్నస్టిక్ సెంటర్‌లో కౌంటర్ అబ్బాయి "మామోగ్రామ్ ఎవరమ్మా?" అని హాలంతా వినపడేలా కేకేశాడు. లోపల నేను జాకెట్ హుక్కులు తీస్తుంటే వార్డ్ బాయ్ ఏదో ఫైలు కోసం తలుపు తోసుకుని వచ్చేశాడు. ఒకప్పుడు అక్టోబరులో చార్మినార్‌కి గులాబీ లైట్లు వేసి మరీ రొమ్ము క్యాన్సర్ గురించి చెప్పిన ఊరు ఇది, తలుపుకి గడియ పెట్టడం మాత్రం ఎవరికీ గుర్తుండదు. టెక్నీషియన్‌తో "ముందు గడియ వేయండమ్మా" అన్నాను. వేసింది. మీరు గదిలోకి వెళ్లగానే ఆ పని చేయించండి.

బట్టల విషయం. పైనుంచి కింద దాకా ఒకటే గౌను లాంటిది వద్దు. చీరయితే హాయి, జాకెట్ ఒక్కటీ తీస్తే చాలు, కొంగు చేతిలోనే ఉంటుంది. చుడీదారయితే పెద్ద చున్నీ తీసుకెళ్లండి. స్కాన్ అప్పుడు ఒకవైపే తెరిచి, రెండోవైపు కప్పుకోవచ్చు. ఆ రోజు చంకల్లో పౌడరు, డియోడరెంట్ వాడొద్దు. ఫిల్ములో అవి తెల్లటి చుక్కల్లా పడి, లేనిపోని అనుమానాలు వస్తాయి. పుస్తెలతాడు, నల్లపూసలు అడ్డం వస్తాయని తీయమంటారు. అక్కడ అప్పటికప్పుడు తీయాలంటే మనసొప్పదని, నేను పసుపుకొమ్ము కట్టిన దారం మెడలో వేసుకుని, పుస్తెలు ఇంట్లోనే పెట్టి వెళ్లాను.

మామోగ్రామ్‌లో మనం నిలబడే ఉంటాం. టెక్నీషియన్ తన చేత్తోనే రొమ్మును ప్లేటు మీద సర్ది, పైనుంచి ఇంకో ప్లేటు దించి నొక్కుతుంది. ఒక్కోవైపు రెండేసి ఫొటోలు. నొప్పి ఉంటుంది, లేదని చెప్పను. కానీ ఒక్కోసారి నొక్కి ఉంచేది కొన్ని సెకన్లే. పీరియడ్స్ ముందు వారంలో రొమ్ములు సలపరంగా ఉంటాయి కాబట్టి, వీలైతే అయిపోయాక వచ్చే వారం పెట్టుకోండి. అలాగని గడ్డ చేతికి తగులుతున్నప్పుడు దీనికోసం నెలలు ఆగొద్దు.

టెన్షన్ అసలు మొదలయ్యేది రిపోర్ట్ చేతికొచ్చాక. అందులో బైరాడ్స్ (BI-RADS) అని ఒక అంకె ఉంటుంది. సున్నా అంటే ఇంకో పరీక్ష కావాలని మాత్రమే. 1, 2 అయితే అనుమానించేది ఏమీ కనపడలేదని. 3 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతం లోపే, మామూలుగా ఆరు నెలలకు మళ్లీ చూస్తారు. 4, 5 అయితే బయాప్సీ, అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష, చేయించుకోమంటారు. నాది 4 వచ్చింది. ఆ రాత్రి గూగుల్ చూస్తూ కూర్చుంటే మా వదిన ఫోన్ లాక్కుని దిండు కింద పెట్టుకుంది. 4లో క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతం నుంచి 95 శాతం దాకా ఉన్నవన్నీ కలిపే ఉంటాయని మర్నాడు డాక్టర్ చెప్తే గానీ తెలియలేదు.

బయాప్సీకి మత్తు సూది ఇస్తారు. తర్వాత ముక్క తీసే సూది స్టాప్లర్ కొట్టినట్టు టక్‌మంటుంది. ఆ చప్పుడు ముందే ఒకసారి వినిపించమని అడగండి, ఉలిక్కిపడరు. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందని మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అంటారు. పట్టించుకోకండి, ఆ భయంతో పరీక్ష మానుకోవడమే అసలు ప్రమాదం. నాది ఫైబ్రోఅడినోమా, అంటే మామూలు గడ్డ అని తేలింది. మీదీ అదే అవుతుందని నేను చెప్పలేను. కానీ రొమ్ములో తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు, ఇది డాక్టర్లు చెప్పే మాటే.

అత్తగారికి ఇప్పుడే చెప్పాలా? నా మటుకు నేను రిపోర్ట్ వచ్చేదాకా చెప్పలేదు. మావారికీ, వదినకీ మాత్రమే తెలుసు. తోడు తీసుకెళ్లే మనిషిని మాత్రం చూసి ఎంచుకోండి. "ఏం కాదులే" అని పదిసార్లు అనేవాళ్లకంటే, పక్కన కూర్చుని టీవీ సీరియల్ కబుర్లు చెప్పేవాళ్లు నయం.

ఖర్చు గురించి కూడా భయపడుతున్నారనిపించింది. రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 10లో బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆరోగ్యశ్రీ ఉంటే ఆ కార్డూ, ఆధారూ వెంట ఉంచుకోండి. ఎక్కడ చేయించుకున్నా రిపోర్టుతో పాటు ఫిల్ములు, సీడీ కూడా అడిగి తీసుకుని దాచండి. తర్వాతెప్పుడైనా మళ్లీ తీస్తే డాక్టరు వాటితో పోల్చి చూస్తారు.