మిర్చి గోడౌన్‌కి ఒక్క థర్మల్ కెమెరా సరిపోతుందా?

అడిగింది: "గుంటూరు ఏటుకూరు రోడ్డు వైపు మాకు మిర్చి గోడౌన్ ఉంది. 100 అడుగుల పొడవు, 60 వెడల్పు, పైన రేకులు. నెట్‌వర్క్ థర్మల్ కెమెరా ఒకటి పెడితే రాత్రి దొంగలూ కనపడతారు, నిప్పు రాజుకోకముందే అలారమూ మోగుతుందని డీలరు అంటున్నాడు. ఒక్కటి చాలా? ఎలా పెట్టించాలి?"

చాలదండీ. థర్మల్ కెమెరా అంటే వెలుతురును కాక వేడిని చూసేది. దొంగ కోసం పెట్టేది ప్రహరీ వెంబడి దూరం చూడాలి. నిప్పు కోసం పెట్టేది లోపల నెట్లన్నీ, అంటే పేర్చిన మిర్చి బస్తాల దొంతరలన్నీ, కనపడేలా వెడల్పుగా చూడాలి, పైగా వేడిని అంకెల్లో కొలవాలి. లెన్సు వేరు, సెట్టింగు వేరు, అలారం మోగాల్సిన చోటు కూడా వేరు. రెండూ ఒక్కదాంతో అయిపోతాయన్న మనిషి అమ్మేవాడై ఉంటాడు, నిచ్చెనెక్కి బిగించేవాడు మాత్రం కాడు.

కేటలాగులో "మనిషిని 400 మీటర్ల దాకా పడుతుంది" అని ఉంటుంది. ఆ దూరంలో మనిషి తెర మీద రెండు మూడు చుక్కలు. అక్కడేదో ఉంది అని మాత్రమే దానర్థం. అది కుక్కా, మనిషా అనేది ఆ చుక్కలు చెప్పవు. ఈ అంకెను పెద్దక్షరాల్లో అచ్చేసి, అసలు కావాల్సిన లెక్కను ఎక్కడా వెయ్యకపోవడం ఈ వ్యాపారంలో మామూలైపోయింది. ఆ లెక్క మీరే వేసుకోండి, చిన్నదే: సెన్సర్ పిక్సెల్ (బొమ్మలో ఒక్క చుక్కను పట్టే గడి) ఎన్ని మైక్రాన్లో దాన్ని లెన్సు మిల్లీమీటర్లతో భాగించి, దూరం మీటర్లతో గుణించండి. ఒక్కో పిక్సెల్ ఎన్ని మిల్లీమీటర్ల చోటు చూస్తుందో వస్తుంది. 12 మైక్రాన్ల సెన్సర్, 10 మి.మీ. లెన్సు, 50 మీటర్ల దూరం అనుకుంటే 60 మి.మీ., అంటే 6 సెంటీమీటర్లు. ఆరడుగుల మనిషి 30 పిక్సెళ్ల ఎత్తు వస్తాడు. గీత దాటితే అలారం కొట్టే రూలు అంతుంటే నమ్మకంగా పనిచేస్తుంది. 384×288 పిక్సెళ్ల సెన్సరయితే అదే 50 మీటర్ల దగ్గర 23 మీటర్ల వెడల్పు కనపడుతుంది. ప్రహరీకి ఇది చాలు.

ఇదే లెక్క గోడౌన్ లోపల వెయ్యండి. మీ 100 అడుగులంటే 30 మీటర్లు. డీలర్లు మామూలుగా చూపించే 256×192 కెమెరాకు 3.5 మి.మీ. లెన్సుంటే అవతలి గోడ దగ్గర ఒక్కో పిక్సెల్ 10 సెంటీమీటర్లు. ఉష్ణోగ్రత నమ్మాలంటే కనీసం 3×3 పిక్సెళ్లు నిండాలి, అంటే 30 సెంటీమీటర్ల వేడి మచ్చ కావాలి. రెండు సెంటీమీటర్ల వైరు జాయింటు 200 డిగ్రీలకు కాలుతున్నా చుట్టూ 40 డిగ్రీల గోడతో కలిసిపోయి అక్కడ 50 దగ్గరే ఆగుతుంది. కాబట్టి లోపల ఎదురెదురు మూలల్లో రెండు పెట్టి, ఒక్కోటి సగం దూరానికే చూసేలా పంచండి. అప్పుడు పిక్సెల్ 5 సెంటీమీటర్లకు దిగుతుంది. నెట్ల పైవరస కన్నా ఎత్తున బిగించాలి. సీజన్‌లో టిక్కీలు (మిర్చి బస్తాలు) రేకు దాకా పేర్చేస్తే కెమెరా ముందు గోడ కట్టినట్టే, ఎంత ఖరీదుదైనా ఒకటే.

ఇంకో సంగతి డీలరు చెప్పడు. థర్మల్ కెమెరా పైపై వేడినే చూస్తుంది. నెట్టు నడిమధ్యలో చెమ్మ టిక్కీ లోలోపల వేడెక్కుతుంటే ఆ సంగతి దానికి ఆఖర్న తెలుస్తుంది. దానికి నెట్టులోకి గుచ్చే థర్మామీటరు చువ్వే మందు. పత్తి బేళ్లకూ అంతే, 170 కిలోల బేలు నొక్కేటప్పుడు లోపల చిక్కిన నిప్పురవ్వ రోజుల తరబడి కుములుతుంది, బయటి గుడ్డ చల్లగానే ఉంటుంది. మరి కెమెరా దేనికంటే మెయిన్ బోర్డు, వైరింగు, పైవరసలో పారేసిన బీడీ ముక్క, రాత్రిపూట లోపల ఆగిన లారీ ఇంజను, ఇవి ముందే చూపించడానికి. బోర్డు తలుపు మూసి ఉంటే తలుపు రేకు వేడే కనపడుతుంది. జాలీ తలుపు పెట్టించండి, లేదా కేబుళ్లు బోర్డులోకి దిగే చోటు కెమెరాకు కనపడేలా తిప్పండి.

అద్దం వెనక పెట్టొద్దు. ఈ కెమెరా చూసేది 8 నుంచి 14 మైక్రాన్ల కిరణాలను, అవి కిటికీ అద్దంలోంచి రావు. పల్చటి నల్ల పాలిథిన్ కవరు వెనకున్న మనిషి కనపడతాడు గానీ ఆఫీసు అద్దం వెనకున్నవాడు కనపడడు. అందుకే లెన్సు జెర్మేనియంతో చేస్తారు, ధర అందుకే అంత. వర్షం పడకుండా అద్దం డబ్బాలో పెట్టిస్తామని ఎవరన్నా అంటే పంపించెయ్యండి.

ఇప్పుడు అసలు విషయం. కెమెరా ఏదన్నది ఒక పాలు, అలారం సరిచెయ్యడం మూడు పాళ్లు. మీ అంత గోడౌనే ఒకదాంట్లో ఏం జరిగిందో చూడండి. కొత్తగా బిగించి, కనపడే దృశ్యం మొత్తాన్ని ఒకే భాగంగా తీసుకుని "60 డిగ్రీలు దాటితే హూటర్" అని పెట్టి వెళ్లిపోయారు. ఏప్రిల్ వచ్చింది. రోజూ ఒంటిగంట నుంచి మూడున్నర దాకా హూటరే హూటర్. మొదటి రోజు అందరూ పరిగెత్తారు. మూడో రోజు వాచ్‌మన్ టీ గ్లాసు చేత్తో పట్టుకునే నడిచి వెళ్లాడు. వారం తిరక్కుండా హూటర్ తీగలు రెండూ రిలే (అలారం వస్తే హూటర్‌కు కరెంటు కలిపే భాగం) నుంచి పీకి, చివరలకు నల్ల టేపు చుట్టి, నీటుగా మడిచి పెట్టాడు. అతన్నేం అనగలం? దృశ్యం పైభాగంలో పెయింటేసిన రేకుల అడుగు కనపడుతోంది, మిట్టమధ్యాహ్నం అది 60 దాటుతుంది. దానికి తోడు వెలుగు కోసం వేసిన ఫైబర్ రేకు కింద ఎండ పలక పడి, నెట్ల మీద గంటగంటకూ జరుగుతోంది. ఆ పలక కింద గోనె 55 దాకా కాగుతుంది. టెక్నీషియన్ ఫోన్లోనే వైద్యం చేశాడు, 60ని 90 చేశాడు. జూన్‌లో మెయిన్ బోర్డులో ఒక లగ్గు (కేబులు చివర బిగించే లోహపు ముక్క) వదులై కేబులు కాలడం మొదలైంది. తర్వాత రికార్డింగు తీసి చూస్తే 40 నిమిషాల పాటు ఆ చోటు 70ల్లో ఉంది. కెమెరా చూసింది, గీత 90 దగ్గర ఉంది, హూటర్ తీగలు టేపులో ఉన్నాయి. వాసన పట్టి మెయిన్ ఆపారు కాబట్టి బోర్డుతో పోయింది.

ఇలా కాకుండా ఉండాలంటే దృశ్యాన్ని ముక్కలు చెయ్యండి. రేకుల కప్పు, ఎండ పలక తిరిగే దారి మాస్క్ వేసి తీసేయండి. ఫైబర్ రేకు మీద తెల్ల పెయింటు వేస్తే ఇంకా మేలు. బోర్డుకు ఒక భాగం: 55కు మొదటి హెచ్చరిక ఫోనుకు, 65కు హూటర్. నెట్లకు అంకె మీద పెట్టొద్దు, తేడా మీద పెట్టండి: ఈ నెట్టు పక్క నెట్టు కన్నా 15 డిగ్రీలు ఎక్కువై 30 సెకన్లు నిలిస్తే అలారం. ఊరంతా కాగినా రెండు నెట్లూ కలిసే కాగుతాయి గనక ఉత్తుత్తి మోత ఉండదు. లారీ నిలిచే దారిని లోడింగు అయ్యాక, రాత్రి 8 నుంచి మాత్రమే అలారంలో ఉంచండి. సైలెన్సర్ వేడికి మరో మార్గం లేదు. కొనేముందే అడగండి: రెండు భాగాల తేడా మీద అలారం ఉందా, కొలత ఖచ్చితత్వం ఎంత అని. సెక్యూరిటీ రకాల్లో చాలావాటికి 8 డిగ్రీలు అటూ ఇటూ, కొలత కోసమే చేసినవాటికి 2 డిగ్రీలు. బోర్డు వైపు చూసేదన్నా రెండో రకం తీసుకోండి.

ఎమిసివిటీ అనే సెట్టింగు ఒకటుంటుంది, వస్తువు పైభాగం తన వేడిని ఎంత బాగా వెదజల్లుతుందో చెప్పే అంకె అది. గోనెకు, పెయింటుకు 0.95 పెడితే సరిపోతుంది. మెరిసే లోహంతోనే చిక్కంతా. బిగించిన రోజే పరీక్ష చెయ్యండి: స్టీలు బిందెలో మరిగే నీళ్లు పోసి, ఒక పక్క నల్ల ఇన్సులేషన్ టేపు నాలుగు పట్టీలు పక్కపక్కనే అతికించి, మొదట కెమెరాకు దగ్గర్లో పెట్టండి. టేపు ఉన్నచోట 85, 90 చూపిస్తుంది, పక్కనే ఉన్న స్టీలు గోరువెచ్చగా చూపిస్తుంది, ఎందుకంటే అది ఎదుటి గోడను అద్దంలా చూపిస్తోంది. ఆ తర్వాత బిందె చుట్టూ టేపు చుట్టేసి మీరు గీసిన ప్రతి భాగంలోనూ చివరి మూలన పెట్టి, హూటర్ మోగేదాకా టెక్నీషియన్‌కు బ్యాలెన్సు ఇవ్వకండి.

వైరింగు త్వరగా చెప్పేస్తాను. పూర్తి రాగి క్యాట్ 6 వైరు, నెట్‌వర్క్ స్విచ్ (కెమెరాలకు ఇదే వైరులో కరెంటూ డేటా ఇచ్చే పెట్టె) నుంచి కెమెరాకు 100 మీటర్లు మించకూడదు. రాగి పూత వేసిన అల్యూమినియం వైరు చవగ్గా దొరుకుతుంది, పగలు బాగానే ఉంటుంది. రాత్రి కెమెరా లైటూ సైరనూ ఒకేసారి లాగేసరికి వోల్టేజీ పడిపోయి రీస్టార్ట్ అవుతుంది, కెమెరా చెడిందని కంపెనీకి పంపుతారు. మామూలు పీఓఈ పోర్టు (ఇలా వైరులోంచే కరెంటు ఇచ్చేది) 15.4 వాట్లు ఇస్తే కెమెరా చేతికి వచ్చేది 12.95. తిరిగే కెమెరా అయితే 30 వాట్ల పోర్టు కావాలి. ప్లగ్గు మీది వాటర్‌ప్రూఫ్ మూతను క్రింపింగ్ చెయ్యకముందే వైరుకు ఎక్కించాలి. మర్చిపోయి చివరికి టేపు చుట్టేవాళ్లే ఎక్కువ, మొదటి వానకే నీళ్లు దిగుతాయి. కెమెరాలోకి వెళ్లేముందు వైరును కిందికి ఒక వంపు తిప్పి వదలండి. ప్రహరీ స్తంభం మీదిదానికి రెండు చివర్లా సర్జ్ ప్రొటెక్టర్ (ఉన్నట్టుండి ఎగిసే వోల్టేజీని ఆపేది), దానికి సరైన ఎర్తు. కోల్డ్ స్టోరేజీ వాళ్లకు అదనంగా ఒక మాట: అమ్మోనియా రాగిని తినేస్తుంది, మిషన్ గదిలో ప్లగ్గులు ఉంచకుండా జాయింట్లు బయటికి తెచ్చుకోండి.

నెట్‌వర్క్‌లో పెట్టేటప్పుడు కెమెరాలు ఒక్కొక్కటే ఆన్ చెయ్యండి. ఒకే కంపెనీవన్నీ ఒకే చిరునామాతో వస్తాయి, హిక్‌విజన్‌వి 192.168.1.64, దాహువావి 192.168.1.108. అన్నీ ఒకేసారి పెడితే కొట్టుకుంటాయి. ఒక్కోదానికి స్థిరమైన ఐపీ, గట్టి పాస్‌వర్డు, టైమ్ జోన్ 5:30 పెట్టాకే తర్వాతది. మామూలు దృశ్యం, థర్మల్ రెండూ ఉన్న కెమెరా ఎన్‌వీఆర్‌లో (వీడియో రికార్డు చేసే పెట్టె) రెండు ఛానెళ్లు తింటుంది, 8 ఛానెళ్లదానికి నాలుగే పడతాయి. వేరే కంపెనీ ఎన్‌వీఆర్‌కు ఆన్‌విఫ్ (వేర్వేరు కంపెనీలవి కలపడానికున్న ఉమ్మడి పద్ధతి) మీద కలిపితే వీడియో వస్తుంది, ఉష్ణోగ్రత అలారం చాలాసార్లు రాదు. అందుకే హూటర్‌ను కెమెరా సొంత రిలేకే కట్టండి, ఎన్‌వీఆర్ పోయినా మోగుతుంది. కరెంటు పోయినా మోగాలంటే స్విచ్‌కు, రౌటర్‌కు, హూటర్‌కు కలిపి యూపీఎస్ ఉండాలి. రికార్డింగుకు థర్మల్ ఛానెల్ 1 ఎంబీపీఎస్ అనుకుంటే రోజుకు 10.8 జీబీ, 4 ఎంబీపీఎస్ మామూలు ఛానెల్ 43 జీబీ.

ఫోన్లో చూడాలని రౌటర్‌లో పోర్టులు తెరవనివ్వకండి. 2016లో మిరాయ్ అనే వైరస్ ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని ఇలాంటి కెమెరాల్లోంచే ఇంటర్నెట్‌ను అల్లాడించింది. వీపీఎన్ (బయటివాళ్లకు కనపడని సొంత దారి) పెట్టించుకోండి, లేదా కంపెనీ యాప్‌తో సరిపెట్టుకోండి. 2025 ఏప్రిల్ నుంచి నెట్‌వర్క్ కెమెరాలకు కేంద్రం భద్రతా పరీక్ష తప్పనిసరి చేసింది, బిల్లు కట్టేముందు ఆ మోడల్ సర్టిఫికెట్ చూపించమనండి.

ప్రహరీ కెమెరాను ఉత్తరమో దక్షిణమో చూసేలా బిగించండి. పడమటికి తిప్పితే దిగే సూర్యుడు సెన్సర్ మీద మచ్చ వేస్తాడు. మే నెల మధ్యాహ్నం నేల మనిషి కన్నా వేడిగా ఉంటుంది గనక మనిషి నల్లగా కనపడతాడు, కంగారు పడొద్దు. అసలు కష్టం గోడ, మనిషి ఒకే వేడిలో ఉండే పొద్దెక్కే వేళా సందెవేళా. రెండు వేళల్లోనూ ఒక మనిషిని ప్రహరీ వెంట నడిపించి, వంగి పాకించి, అలారం వస్తుందో లేదో చూసుకోండి. మధ్యమధ్య టిక్కుమని శబ్దం వచ్చి బొమ్మ క్షణం ఆగుతుంది. అది లోపలి షట్టర్ తనను తాను సరిచేసుకోవడం, రిపేరు కాదు.

మిర్చి ధూళి లెన్సు మీద జిగటగా పేరుకుంటుంది. పేరుకున్న కొద్దీ కెమెరా వేడిని తక్కువ చేసి చూపిస్తుంది. సీజన్‌లో నెలకోసారి బ్లోయర్‌తో ఊది, మెత్తటి గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవాలి. తువ్వాలుతో రుద్దితే పూత పోతుంది. అదే రోజు బిందె పరీక్ష కూడా చేయించండి, రిలే దగ్గర తీగలున్నాయో లేదో కంటితో చూడండి.

మూడు కెమెరాలకు డబ్బు చాలకపోతే ప్రహరీకి మామూలు కెమెరా, రెండు ఫ్లడ్‌లైట్లు పెట్టి, థర్మల్ డబ్బంతా లోపల పెట్టండి. ఒక్కటే కొనగలిగితే దాన్ని మెయిన్ బోర్డుకు 10 మీటర్ల లోపు బిగించండి. రేకు ఎత్తెంతో, నెట్టు ఎత్తెంతో, బోర్డు ఏ గోడకుందో రాస్తే లెన్సు లెక్క వేసి చెబుతాను.