పెంటగుంతలో కొమ్ము పురుగు, మామిడి మొద్దు దగ్గర కోరల పురుగు: ఏది ఏమిటి?

సందేహం: మాకు నాలుగెకరాల మామిడి తోట, గట్ల మీద ఇరవై కొబ్బరి చెట్లు ఉన్నాయి. తొలకరి వానలు పడ్డప్పటి నుంచి రాత్రిపూట బోరు దగ్గరి దీపానికి పెద్ద పెద్ద నల్ల పురుగులు వస్తున్నాయి. ఒకదానికి నెత్తిన కొమ్ము ఉంది. ఎండిన మామిడి మొద్దు దగ్గర దొరికిన మరోదానికి ముందుకు పొడుచుకొచ్చిన కోరలున్నాయి. ఇవి లక్షలు పలికే స్టాగ్ బీటిళ్లని మా అబ్బాయి అంటున్నాడు. ఫొటోలు పంపుతున్నాను. వీటి వల్ల తోటకు నష్టమా? మందు కొట్టాలా?
– ఒక రైతు, చేవెళ్ల మండలం, రంగారెడ్డి జిల్లా

జవాబు: పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీయడం మంచి పని చేశారు. మీరు పెట్టిన బిళ్ల వెడల్పు సుమారు 22 మిల్లీమీటర్లు కాబట్టి, దానికి రెండింతలున్న మీ మొదటి పురుగు పొడవు దాదాపు 44 మిల్లీమీటర్లని తేలిగ్గా తెలిసింది. బలిష్ఠమైన నల్లని ఒళ్లు, తల మీద నుంచి వెనక్కి వంగిన ఒకే ఒక్క కొమ్ము ఉన్న ఈ పురుగు స్టాగ్ బీటిల్ కాదు, కొబ్బరిని ఆశించే కొమ్ము పురుగు.

స్టాగ్ బీటిల్‌కు దుప్పి కొమ్ముల్లా కనిపించేవి నిజానికి కొమ్ములు కావు, అవి విపరీతంగా పెరిగిన దవడలు. అవి జతగా, నోటికి రెండు పక్కల నుంచి వచ్చి పట్టకారులా తెరుచుకొని మూసుకుంటాయి. మగవి ఆడదాని కోసం వాటితోనే కుస్తీ పడతాయి. ఆడదానికి దవడలు పొట్టిగా ఉంటాయి కాబట్టి దవడలను చూసి మాత్రమే పోల్చుకోబోతే పొరబడతాము. అంతకంటే నమ్మదగిన గుర్తు మీసాలు. స్టాగ్ బీటిల్ మీసం మోచేయిలా మధ్యలో వంగి, చివర దువ్వెన పళ్లలా ఉంటుంది, ఆ పళ్లు దగ్గరకు ముడుచుకోవు. కొమ్ము పురుగు మీసం చివర రేకులు మాత్రం విసనకర్రలా విచ్చుకొని, మళ్లీ ముడుచుకొని ముద్దగా కనిపిస్తాయి.

మీ రెండో ఫొటోలోని పురుగుకు దవడలు పెద్దవే అయినా, మీసాలు మోచేయిలా వంగకుండా పొడవుగా, రంపపు పళ్లతో ఉన్నాయి. కాబట్టి ఇది పొడవు మీసాల పెంకు పురుగుల జాతికి చెందినది, దీని పిల్లపురుగులు వేళ్లలో, మొద్దుల్లో పెరుగుతాయి. ఎండిన మొద్దు నుంచి వచ్చిందే అయితే భయపడవలసింది లేదు. అయితే బతికున్న చెట్ల మొదళ్లలో రంధ్రాలు గానీ, వాటి నుంచి రాలే రంపపు పొట్టు గానీ కనిపిస్తే ఆలస్యం చేయకుండా మాకు తెలియజేయండి.

మీ అబ్బాయి చెప్పిన ధరల విషయం పూర్తిగా కట్టుకథ కాదు. 1999లో జపాన్‌లో 80 మిల్లీమీటర్ల స్టాగ్ బీటిల్ ఒకటి సుమారు కోటి యెన్లకు అమ్ముడుపోయింది. కానీ అది పురుగులను సరదాగా పెంచుకునేవారి మోజుకు పలికిన ధర, చేవెళ్ల దీపం కింద దొరికిన పురుగుకు పలికేది కాదు. మన దేశంలో ఈ జాతులు ఎక్కువగా హిమాలయాల్లో, ఈశాన్య రాష్ట్రాల్లో, పశ్చిమ కనుమల తేమ అడవుల్లో ఉంటాయి. వాటిని పట్టి అమ్మాలనుకోవడమూ ప్రమాదమే: 2008లో డార్జిలింగ్ దగ్గరి సింగలీలా జాతీయ ఉద్యానవనంలో పురుగులు సేకరించిన ఇద్దరు విదేశీయులను అరెస్టు చేశారు, కోర్టులో వారికి శిక్ష పడింది. పంట దృష్టితో చూస్తే స్టాగ్ బీటిల్ వల్ల నష్టమేమీ లేదు. దాని పిల్లపురుగు పుచ్చిన కలపను తింటూ పెరుగుతుంది, ఐరోపాలోని ఒక జాతిలో ఈ దశకే మూడు నుంచి ఏడేళ్లు పడుతుంది, పెద్ద పురుగు చెట్ల నుంచి కారే రసం తాగి బతుకుతుంది.

మీరు పట్టించుకోవలసింది కొమ్ము పురుగునే. ఇది కొబ్బరి చెట్టు విచ్చుకోని మొవ్వును తొలిచి లోపలి లేత భాగాన్ని నమలడం వల్ల, తర్వాత విచ్చుకున్న మట్టల ఆకులు కత్తెరతో కత్తిరించినట్టు కనిపిస్తాయి. మొవ్వులో దాగిన పురుగుకు పైనుంచి కొట్టే మందు సరిగా తగలదు కాబట్టి, కొక్కెం ఉన్న ఇనుప చువ్వతో దాన్ని లాగి చంపాలి. పై మూడు మట్టల మొదళ్లలో చెట్టుకు 250 గ్రాముల వేపపిండిని అంతే ఇసుకతో కలిపి వేయండి, లేదా మూడు కలరా ఉండలు పెట్టి ఇసుకతో కప్పి, 45 రోజులకొకసారి మార్చండి. అసలు పుట్టిల్లు మాత్రం మీ పెంటగుంత. ఎరువును తిరగేసి, చుట్టచుట్టుకొని పడుకున్న తెల్లని లావు పిల్లపురుగులను ఏరి కోళ్లకు వేయండి. తేమ ఉన్నప్పుడు, ఈ పిల్లపురుగులను చంపే మెటారైజియం శిలీంద్రాన్ని ప్యాకెట్ మీది మోతాదు ప్రకారం ఎరువులో కలపండి. కూలిన కొబ్బరి మొద్దులను తోటలో ఉంచకండి.

మామిడి మొద్దును మాత్రం ఇప్పుడే తగలబెట్టకండి. దాన్ని చీల్చినప్పుడు పిల్లపురుగు దొరికితే, అది ఏ పురుగుదో తేల్చడానికి కొంచెం చెక్కపొట్టుతో కలిపి, మూతకు చిల్లులు పెట్టిన సీసాలో వేసి రాజేంద్రనగర్‌లోని మా కార్యాలయానికి తీసుకురండి. కొమ్ము పురుగు పిల్లకు మలద్వారపు చీలిక అడ్డంగా, స్టాగ్ బీటిల్ పిల్లకు నిలువుగా ఉంటుంది కాబట్టి, భూతద్దం కింద పెడితే అక్కడికక్కడే చెప్పగలము.