సంతకం పెట్టే ముందు, చిన్నా

చిన్నా,

ఉద్యోగానికి రాజీనామా ఇస్తున్నావని, ఒక మ్యూజిక్ కంపెనీ మూడేళ్ళ అగ్రిమెంటు పంపిందని, దాంతోపాటే వెబ్ సిరీస్‌లో హీరో స్నేహితుడి వేషం వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడి గొంతులో సంతోషం ఎంతుందో భయమూ అంతే ఉంది. నాకూ అంతే. గాజువాక పిల్లాడి ర్యాప్ పాట హైదరాబాదులో నలుగురి నోళ్ళలో నానుతోందంటే గర్వంగా ఉండదా? కానీ శుక్రవారమే సంతకం పెట్టేస్తానన్నావట. పెట్టకు. ముందు ఇది చివరిదాకా చదువు.

తేలిక సంగతులు తొందరగా చెప్పేస్తాను. ఆర్నెల్ల ఇంటి ఖర్చు బ్యాంకులో పడేదాకా రాజీనామా ఇవ్వకు. వేషం ఇప్పిస్తామని రిజిస్ట్రేషన్ ఫీజు, పోర్ట్‌ఫోలియో ఫీజు అడిగినవాళ్ళతో మాట అక్కడికక్కడే ఆపెయ్. ఆడిషన్ వీడియో ఫోన్ అడ్డంగా పెట్టి, వెనక ఖాళీ గోడ ఉండేలా తియ్యి. పేరు, ఎత్తు, వయసు చెప్పి, రెండు పక్కలా ముఖం చూపించు. ఆ మెడ మీద టాటూ మాత్రం ఇప్పుడు వద్దురా. షూటింగ్ ఉన్న ప్రతి రోజూ దాన్ని మేకప్‌తో కప్పాలి, చెమటకి కరుగుతుంది, షాటుకీ షాటుకీ తేడా రాకుండా కంటిన్యుటీ చూసే అసిస్టెంటు నీ వెంటే తిరగాలి. చిన్న వేషం వేసేవాడి కోసం యూనిట్ అంత ఓపిక పట్టదు.

ఇక అసలు విషయం, రెండేళ్ళ కిందట నువ్వు వదిలిన మొదటి పాట. దాని బీటు, అంటే గొంతు కింద నడిచే సంగీతం, నువ్వు చేసింది కాదు, కొన్నదీ కాదు. యూట్యూబ్‌లో ఫ్రీ అని ఉంటే దించుకుని, మీద గొంతు పెట్టావు. ఆ వీడియో కింద రెండు ముక్కలు రాసి ఉంటాయి, లాభం కోసం వాడనంత వరకే ఉచితం అని. నువ్వు పాటని డిస్ట్రిబ్యూటరు ద్వారా అన్ని యాప్‌లలోకి పంపావు, యూట్యూబ్‌లో యాడ్లు ఆన్ చేశావు. ఆ రోజుతో ఆ ఉచితం చెల్లకుండా పోయింది. ఇప్పుడు నీ చేతిలో లైసెన్సు అనే కాగితమే లేదు.

ఇన్నాళ్ళూ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి ఏం కాదనుకుంటున్నావు. పాట చిన్నదిగా ఉన్నంతకాలం ఏమీ కాదు. పెద్దదైన రోజే అవుతుంది. కంపెనీ అగ్రిమెంటులో ఒక క్లాజు ఉంటుంది, చదివి చూడు: ఈ పాటలన్నీ నా సొంతం, వీటి మీద వేరెవరికీ హక్కు లేదు, తగువొస్తే నష్టమూ లాయరు ఖర్చులూ నేనే భరిస్తాను అని. ఆ జాబితాలో నీ మొదటి పాట కూడా ఉందని మీ నాన్న అన్నాడు. ఆ క్లాజు కింద సంతకం పెట్టడమంటే, అబద్ధం చెప్పి, ఆ అబద్ధానికి నువ్వే పూచీ ఉండటం. నీకు తెలిసి చేశావనుకోను. తెలియక చేసినా బాకీ బాకీయే.

డబ్బిచ్చి తీసుకున్నా బీట్లన్నీ ఒకటి కావు. ఎంపీ3 ఫైలు వాడుకోనిచ్చే లీజు, అంతకంటే నాణ్యమైన వేవ్ ఫైలు లీజు, ఒక్కో వాయిద్యం విడిగా ఇచ్చే స్టెమ్స్ లీజు, చివరికి నీకొక్కడికే ఇచ్చే ఎక్స్‌క్లూజివ్. మొదటి మూడింటిలో అదే బీటు ఇంకా ఎంతమందికైనా అమ్ముతారు. ఇన్ని స్ట్రీముల వరకు, ఇన్నేళ్ళ వరకు అని పరిమితి పెడతారు. అందుకే లీజు బీటు మీద చేసిన పాటని, యూట్యూబ్‌లో ఏ పాట ఎవరిదో తనంతట తనే పట్టే కంటెంట్ ఐడీలో పెట్టకూడదు. పెడితే అదే బీటు వాడిన పక్కవాడి పాట మీద నీ పేరుతో క్లెయిమ్ పడుతుంది, వాడు తిరిగి నీ మీద వేస్తాడు. సినిమాలోనో సిరీస్‌లోనో వాడుకోవాలంటే చాలా లీజుల్లో విడిగా అనుమతి తీసుకోవాలి. ఇంకో ప్రమాదం, బీటు చేసినవాడు ఏ పాత సినిమా పాట ముక్కనో కోసి లోపల దాచి ఉండొచ్చు. వాడు నీకు అమ్మింది తన పనే గాని ఆ పాత పాట హక్కు కాదు.

దిద్దుకునే దారి ఉంది. బీటు చేసినవాడికి ఈమెయిల్ రాయి. ఎక్స్‌క్లూజివ్ ఇంకా ఉందా, సినిమా-సిరీస్ వాడకంతో కలిపి ధరెంత, లోపల శాంపిళ్ళు, అంటే అలా కోసి పెట్టిన ముక్కలు, ఏమైనా ఉన్నాయా అని అడుగు. ఉంటే కొని, పీడీఎఫ్ లైసెన్సు, డబ్బు కట్టిన రసీదు ఒకే ఫోల్డర్‌లో పెట్టు. ఇప్పటికే ఎవరికో అమ్మేసి ఉంటే బాధపడకు. నీ గొంతు ట్రాకు విడిగా ఉందా, అది చాలు. అదే బీపీఎంలో, అంటే నిమిషానికి అన్నే తాళం దెబ్బల వేగంలో, మీ ఊళ్ళో బీట్లు చేసే ప్రొడ్యూసర్ చేత కొత్త బీటు కట్టించు. పాత బీటులోని రాగాన్ని మాత్రం తిరిగి వాయించనివ్వకు. కొత్త రికార్డింగ్ కాబట్టి ఒక్కో రికార్డింగ్‌ని గుర్తించే ఐఎస్‌ఆర్‌సీ నంబరు కొత్తది తీసుకో, పాతదాన్ని అన్నిచోట్లా దింపించు. ఈ పని పూర్తయ్యేదాకా ఆ పాటని జాబితాలోంచి తీసెయ్యమని కంపెనీకి ఈమెయిల్‌లోనే చెప్పు. నోటిమాటగా వద్దు.

ఇకమీద రికార్డింగ్ అయిన రాత్రే, స్టూడియో నుంచి కదలకముందే ఒక కాగితం రాసుకోండి. పాట పేరు, తేదీ, రాత ఎవరిది ఎంత శాతం, సంగీతం ఎవరిది ఎంత శాతం, మాస్టర్ (పూర్తయిన రికార్డింగ్) ఎవరి సొంతం, సంతకాలు. స్నేహితులం కదా అని మానొద్దు, స్నేహం నిలవాలనే రాసుకోమంటున్నాను.

సరే, అగ్రిమెంటు. అడ్వాన్సు చూసి మురిసిపోకు. లెక్క చెప్తాను చూడు. 2 లక్షలు అడ్వాన్సు, 3 లక్షలు వీడియో ఖర్చు, నీ వాటా 30 శాతం అనుకో. పాట 6 లక్షలు తెచ్చింది. నీ వాటా 1 లక్షా 80 వేలు. కానీ 5 లక్షలూ నీ వాటాలోంచే రాబట్టుకుంటామని రాసి ఉంటే, ఆ డబ్బు నీ చేతికి రాదు. ఇంకా 3 లక్షలా 20 వేలు నువ్వే బాకీ. కంపెనీ పెట్టిన 5 లక్షలూ వెనక్కొచ్చి, పైన లక్ష మిగిలింది. నీ ఖాతా మాత్రం మైనస్‌లో ఉంది. అందుకని వీడియో ఖర్చులో సగమే నీ వాటాలోంచి తీసేలా అడుగు, ఖర్చుకి ముందు నీ ఒప్పుదల తీసుకోవాలని రాయించు, ఆర్నెల్లకోసారి లెక్కల స్టేట్‌మెంటు ఇవ్వాలని రాయించు.

మూడేళ్ళు అన్న చోట కూడా ఆగి చూడు. దాని పక్కనే, కంపెనీ ఇష్టప్రకారం పొడిగించవచ్చు అని ఉంటుంది. ఆ ఇష్టం ఇద్దరిదీ కావాలి. నీకు మేలు చేసే చట్టం కూడా ఉంది. కాపీరైటు రాసిచ్చే కాగితంలో కాలం చెప్పకపోతే 5 ఏళ్ళనీ, ప్రాంతం చెప్పకపోతే ఇండియా వరకేననీ లెక్క. 2012 సవరణ తర్వాత, పాట రాసినవాడికి రాయల్టీలో సమాన వాటా హక్కు ఉంది. వదులుకున్నానని నీ చేత రాయించుకున్నా చెల్లదు. వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప దాన్ని ఎవరికీ రాసివ్వలేవు. ర్యాపర్ అంటే పాడేవాడే కాదు, గీత రచయిత. పాట రాసేవాళ్ళకీ సంగీతం కట్టేవాళ్ళకీ రాయల్టీ వసూలు చేసిపెట్టే సొసైటీ ఐపీఆర్‌ఎస్‌లో రచయితగా సభ్యత్వం తీసుకుని ఒక్కో పాటనీ శాతాలతో సహా నమోదు చెయ్యి. సభ్యుడివైనంత మాత్రాన పాటలు వాటంతటవి అక్కడ చేరవు.

నటన కూడా చేసేవాడికి ఇంకో చిక్కు ఉంది. ర్యాప్ మాత్రమే చేసేవాళ్ళకి ఇది ఎదురుకాదు గనక నీకు ఎవరూ చెప్పి ఉండరు. కంపెనీ కాగితం నీ గొంతు మూడేళ్ళు మాదే అంటుంది. సెట్లో డైరెక్టరు, ఇక్కడ నాలుగు లైన్లు నువ్వే ర్యాప్ చెయ్ అంటాడు. ఉత్సాహంగా చేసేస్తావు. ఆ క్షణంలో కంపెనీ అగ్రిమెంటు మీరావు. పైగా, సెట్లో ఏం సృష్టించినా నిర్మాతదే అని నటన కాగితంలో ఉంటే ఆ నాలుగు లైన్లూ నీవి కాకుండా పోయాయి. అందుకని కంపెనీ కాగితంలో ఈ వాక్యం పెట్టించు: నటన, డబ్బింగ్, సినిమా-సిరీస్‌ల కోసం పాడే ర్యాప్ ఈ ఒప్పందంలోకి రావు. ఒప్పుకోకపోతే, ఎన్‌ఓసీ అడిగిన 7 రోజుల్లో ఇవ్వాలి అని అయినా ఉండాలి. నటన ఆదాయంలో వాటా అడిగే క్లాజు ఉంటే కొట్టేయించు, వాళ్ళు నీకు వేషాలు ఇప్పించడం లేదు కదా. సిరీస్ కాగితంలో నటనకి ఒక ఫీజు, రాతకి వేరే ఫీజు, టైటిల్స్‌లో గీత రచయితగా పేరు. ఈ మూడూ షూటింగ్ మొదలవకముందే తేలాలి.

అమెరికా ర్యాపర్ ఐస్ క్యూబ్ పేరు నీకు నేను చెప్పనక్కర్లేదు. అతని ముందు 75 వేల డాలర్ల చెక్కు పెట్టి సంతకం చెయ్యమంటే, నా లాయరు చూడందే చెయ్యనన్నాడు. 1989 చివర తన ర్యాప్ గ్రూపు ఎన్.డబ్ల్యూ.ఏ.ని వదిలేశాడు. 1990లో సొంత ఆల్బమ్, 1991లో మొదటి సినిమా వేషం, 1995లో తనే ఒక స్నేహితుడితో కలిసి రాసుకున్న సినిమా. రాత తన చేతిలో ఉంది కాబట్టే స్క్రిప్టు దాకా వెళ్ళాడు. మన పక్కనే తమిళ ర్యాపర్ హిప్‌హాప్ తమిళా ఆది కూడా 2017లో తనే రాసి, తీసి, సంగీతం కట్టుకుని హీరోగా వచ్చాడు. వేషం కోసం ఎదురుచూస్తూ కూచోకు, రాస్తూ ఉండు.

రాత అన్నాను కాబట్టి ఒక మాట. నీ లైన్లు వస్తున్నా, చూస్తున్నా, రాస్తున్నా అని ముగుస్తున్నాయి. నేను అని చెప్పుకునే తెలుగు క్రియలు చాలావరకు అలాగే ముగుస్తాయిరా. అది నువ్వు కట్టిన ప్రాస కాదు, వ్యాకరణం ఊరికే ఇచ్చింది. కొలిమి మంట, కలిమి వెంట అని మూడు నాలుగు అక్షరాల పొడవునా కలిపి చూడు, వినేవాడి తల ఊగుతుంది. ఐదేళ్ళప్పుడు తాతయ్య ఒళ్ళో కూచుని కందపద్యాలు అప్పజెప్పేవాడివి. ఒక పాదంలో రెండో అక్షరం ప్రాస తప్పితే తాతయ్య కంటే ముందు నువ్వే ఆగిపోయేవాడివి. ఆ చెవి ఎక్కడికీ పోలేదు. మీ నాన్న షిఫ్టు సైరన్ మీద నువ్వు రాసిన నాలుగు లైన్లలో అది వినిపించింది. ఎంత బాగున్నాయో అవి! వాడికి వినిపించావా లేదా?

డైలాగు దగ్గర మాత్రం ఆ బీటు మర్చిపోవాలి. ర్యాపర్లు తొలిసారి నటించినప్పుడు ప్రతి వాక్యాన్నీ తాళం మీద దింపుతారు, ఎదుటివాడు చెప్పింది విని జవాబిస్తున్నట్టు ఉండదు. డైలాగుని చేతులు కదపకుండా, ఆలోచన ఎక్కడ మారిందో అక్కడే ఆగుతూ చదివి సాధన చెయ్యి. డబ్బింగ్‌లో పెదవులు మూసుకునే ప, బ, మలు తెర మీద పడ్డ చోటే పడాలి, మిగతా అక్షరాలు రవ్వంత అటూ ఇటూ అయినా చెల్లుతుంది. నడుస్తూ చెప్పిన సీనుకి కూచుని డబ్బింగ్ చెప్పకు, ఊపిరి తేడా దొరికిపోతుంది. సిరీస్‌కి ర్యాప్ ఫైలు పంపేటప్పుడు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో, బీపీఎం రాసి పంపు.

స్టేజీ మీద పంచ్-ఇన్‌లు, అంటే తప్పిన చోటు నుంచి మళ్ళీ రికార్డు చేసుకోవడాలు, ఉండవు. 90 బీపీఎంలో 16 బార్లంటే (నాలుగు తాళం దెబ్బలు ఒక బారు) దాదాపు 43 సెకన్లు, 140లో 27. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కాగితం మీద గుర్తు పెట్టుకో. మైకు తల చుట్టూ చెయ్యి మూసి పట్టుకోకు. గొంతు బురదగా వస్తుంది, స్టేజీ మీది మానిటర్ స్పీకరు కూత పెడుతుంది. పూర్తి పాట వేసి దాని మీద అరిచే బదులు, నీ ముఖ్యమైన గొంతు తీసేసిన ట్రాకు పట్టుకెళ్ళు. అరిచిన షో మర్నాడు డబ్బింగ్ ఒప్పుకోకు. గొంతు బొంగురుపోతే గుసగుసగా మాట్లాడటం విశ్రాంతి కాదు, అదీ శ్రమే. మాట్లాడకుండా ఉండు, నీళ్ళు తాగు. మూడు వారాలు దాటినా బాగుపడకపోతే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించు. ఆ గొంతు మీదే రెండు వృత్తులూ నిలబడి ఉన్నాయి.

డబ్బు. నీకిచ్చేవాళ్ళు సాధారణంగా 10 శాతం టీడీఎస్ కోసి ఇస్తారు. అది నీ పాన్ మీద జమ అయిందో లేదో చూసుకో. ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్. వచ్చిన ప్రతి రూపాయిలో పావలా విడి ఖాతాలో వేసి మర్చిపో. విల్ స్మిత్ 1989లో ర్యాప్‌కి ఇచ్చిన తొలి గ్రామీ తన జోడీ డీజే జాజీ జెఫ్‌తో కలిసి గెలుచుకున్నవాడు, పన్ను కట్టకుండా ఖర్చు పెట్టేసి బాకీల్లో పడ్డాడు. 1990లో సీరియల్ దొరికాక దాని సంపాదనలో పెద్ద భాగం ఆ బాకీకే పోయింది.

ఒకటి మాత్రం బతిమాలుతున్నాను. శ్రీకాకుళం కాలేజీ షో అయ్యాక అర్ధరాత్రి హైవే మీద బండేసుకుని వైజాగ్ వచ్చావట. మళ్ళీ అలా చెయ్యకు నాయనా. షో ఒప్పుకునేటప్పుడే రానుపోను కారు, రాత్రికి గది, సగం డబ్బు ముందు అని వాట్సాప్‌లో రాయించుకో. గది ఇవ్వలేమంటే షో మానెయ్.

అగ్రిమెంటు పీడీఎఫ్, సిరీస్ కాగితం రెండూ ఈ రాత్రే నాకు పంపు. కాపీరైట్ కేసులు చూసే లాయరు దగ్గరికి బుధవారం తీసుకెళ్తాను, ఫీజు నేను కడతాను. కంపెనీకి ఇంకో 10 రోజులు కావాలని ఈమెయిల్ పెట్టు. 10 రోజులు ఆగలేమన్నారంటే, వాళ్ళతో మూడేళ్ళు ఎలా ఉంటుందో నీకు ఇప్పుడే తెలిసిపోతుంది. అమ్మని అడిగానని చెప్పు.

మీ అత్త